పదమూడేళ్లు పనిచేశాను, చూపించడానికి ఒక్క కాగితం లేదు

యూసుఫ్‌గూడ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, అందులో ముఖ్యమైనది మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

వయసు 35. సొంతూరు ఖమ్మం జిల్లాలో. బీకాం అయ్యాక 2012లో హైదరాబాద్ వచ్చి, సినిమా పనివాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌లో ఊరివాళ్ల రూమ్‌లో దిగారు. ఏదో ఒక ఉద్యోగం దొరికేదాకా అని షూటింగుల్లో ప్రొడక్షన్ అసిస్టెంట్‌గా చేరి అక్కడే ఉండిపోయారు, చివరి ఆరేడేళ్లు ప్రొడక్షన్ మేనేజర్‌గా చేశారు. లాక్‌డౌన్‌లో కొన్నాళ్లు క్యాబ్ నడిపారు. పని ఉన్న నెలలో 45 వేలు వస్తాయి, లేని నెలలో ఏమీ రాదు. గత రెండేళ్లుగా ఏడాదికి ఏడు నెలలే పని దొరికింది, అందులోనూ రెండు సినిమాలవాళ్లు కలిపి లక్షా 80 వేలు బాకీ పెట్టారు. భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్. పాప వచ్చే జూన్‌లో ఒకటో తరగతికి వస్తుంది. 2025 ఆగస్టులో సినిమా కార్మికుల సమ్మె తర్వాత ఇక చాలనుకుని బయట ఉద్యోగాలకు ప్రయత్నం మొదలుపెట్టారు.

మాదాపూర్‌లో ఒక ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ అమ్మాయి రెజ్యూమె అటూ ఇటూ తిప్పి “ఇందులో మీ కంపెనీ ఏది సార్?” అని అడిగిందట. సినిమాల పేర్లు చెబితే పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్ అడిగింది. ఏవీ లేవు. ఇంకోచోట మొహం మీదే “సినిమావాళ్లు మూడు నెలలు చేసి, మళ్లీ షూటింగ్ ఉందని వెళ్లిపోతారు” అనేశారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బావమరిది “రిఫర్ చేస్తాను బావా, కానీ నీ గురించి ఏమని రాయమంటావు?” అన్నాడు. అన్నిటికంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుందని రాశారు.

ఇప్పుడు ముందు రెండు దారులున్నాయి. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ 70 వేలు ఇస్తే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్, పేస్లిప్పులు, పీఎఫ్‌తో సహా పెట్టిస్తామంటోంది. రెండోది, నానక్‌రామ్‌గూడలో ఒక పెద్ద ఆఫీసుకి ట్రాన్స్‌పోర్ట్ డెస్క్. నైట్ షిఫ్టులో ఉద్యోగుల క్యాబులు చూసుకోవాలి, జీతం 21 వేలు. సోమవారంలోపు ఏదో ఒకటి చెప్పాలి. “నా పదమూడేళ్లు వృథాయేనా? సర్టిఫికెట్ కొనుక్కోమంటారా, 21 వేలకి ఒప్పుకోమంటారా, లేక మళ్లీ కృష్ణానగర్ వెళ్లిపోవాలా?” అని అడిగారు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మిమ్మల్ని మీరు తిట్టుకున్నది పేజీలకు పేజీలు ఉంది. మధ్యలో ఎక్కడో “అనంతగిరిలో జనరేటర్ వ్యాన్ ఘాట్‌లో ఆగిపోతే వికారాబాద్‌లో పెళ్లి పందిళ్లవాళ్ల జనరేటర్ తెప్పించి హీరో కాల్‌షీట్ పోకుండా చూశాను, ఇప్పుడవన్నీ ఎవరికి కావాలి” అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ రాత్రి మీరేం చేశారో ఒకసారి నెమ్మదిగా చూద్దాం. కొండమీద 110 మంది యూనిట్ ఉంది. కరెంటు లేదు. ఆ టైమ్‌లో ఎవరికి ఫోన్ చేస్తే ఎత్తుతారో మీకు తెలుసు, ఎత్తినవాడితో రేటు మాట్లాడారు, చేతిలో ఉన్న డబ్బులోంచి అడ్వాన్స్ ఇచ్చారు, మర్నాడు దానికి వౌచర్ రాయించి అకౌంట్స్‌లో ఇచ్చారు, ఈ గొడవలోనే అర్ధరాత్రి భోజనాల బండి ఆలస్యం కాకుండా చూసుకున్నారు. నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఫెసిలిటీస్ అనీ అడ్మిన్ అనీ ఆపరేషన్స్ అనీ బోర్డులు పెట్టుకుని చేసేది ఇదే పని. అక్కడ దీనికి ముగ్గురుంటారు, మీరు ఒక్కరే చేశారు. కాబట్టి పదమూడేళ్లు వృథాయేనా అన్నదానికి జవాబు ఇక్కడే చెప్పేస్తున్నాను. కాలేదు. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట అనుకోకండి, కొన్నేళ్లు నియామకాల పనిలో ఉన్నాను కాబట్టి అంటున్నాను.

మరి ఉద్యోగం ఎందుకు రావట్లేదు? రెజ్యూమె ముందుగా చూసే మనిషి స్థానంలోంచి చూడండి. ఆ అమ్మాయికి ఉద్యోగం ఇచ్చే అధికారం లేదు, ఆమె పని వడపోయడం. మిమ్మల్ని ముందుకు పంపితే రేపు తన మేనేజర్ “ఇతని గురించి ఎవరిని కనుక్కున్నావు?” అని అడుగుతాడు. కంపెనీలో పనిచేసినవాడైతే పాత హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెడితే సరిపోతుంది. మీ సంగతి అలా కుదరదు. సినిమా కోసం పెట్టిన ఆఫీసు సినిమా రిలీజవగానే ఖాళీ అవుతుంది, ఫోన్ చేస్తే ఎత్తేవాడుండడు. అంటే మీకు తక్కువైంది అనుభవం కాదు, దాన్ని ఒక కొత్త మనిషి సరిచూసుకునే వీలు. తిప్పి పంపినప్పుడల్లా మీ విలువ తక్కువని తేలినట్టు బాధపడుతున్నారు, అక్కడ అసలు విలువ దాకా రానే లేదు.

వీలు లేదన్నాను గానీ, మీరనుకుంటున్నంత శూన్యంగా కూడా లేదు. చూపించడానికి ఒక్క కాగితం లేదన్నారు కదా, వెతకండి. డబ్బు బ్యాంకులో పడినప్పుడల్లా ఆ స్టేట్‌మెంటే మొదటి సాక్ష్యం. ఏ నిర్మాణ సంస్థయినా మీ పాన్ నంబరు తీసుకుని టీడీఎస్ (డబ్బు ఇచ్చేముందే పట్టుకునే పన్ను) కోసి ఉంటే అది మీ 26ఏఎస్‌లో, అంటే ఆ పన్ను కోతల వివరాలుండే పత్రంలో, ఆ సంస్థ పేరుతో కనిపిస్తుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోకి వెళ్లి ఏడాది ఏడాదికీ దించుకోండి. యూనియన్ కార్డు ఉందన్నారు, అందులో చేరిన తేదీ ఉంటుంది. ఇక మీరు పనిచేసిన సినిమాల్లో కొన్నయినా ఓటీటీలో ఉండే ఉంటాయి. టైటిల్స్‌లో మీ పేరు వచ్చేచోట ఆపి స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఏ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు పేరూ అలా లోకమంతా చూసేలా తెరమీద పడదు. పాత కాల్‌షీట్లు, మీరు రోజూ పంపిన ఖర్చుల రిపోర్టులు వాట్సాప్‌లో ఇంకా ఉంటాయి, ఫోన్ మార్చకముందే తీసి ఒకచోట పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాక, మీ పని కళ్లారా చూసిన ఇద్దరు ముగ్గురు లైన్ ప్రొడ్యూసర్లనో ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లనో వెళ్లి కలవండి. “ఫలానా సినిమాకు ఇన్ని నెలలు నా దగ్గర పనిచేశారు, ఇంత బడ్జెట్ చేతిమీదుగా నడిచింది” అని లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు, కింద ఫోన్ నంబరు. ఆ నంబరుకి ఎవరైనా చేస్తే ఎత్తుతానని మాట తీసుకోండి. ఆ మాట దొరికితే మీ కష్టం సగం తీరుతుంది.

గ్యాపుల గురించి భయపడ్డారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో షూటింగులు ఆగిపోయాయి. 2022 ఆగస్టులో నిర్మాతలే షూటింగులు ఆపేశారు. 2025 ఆగస్టులో 30 శాతం వేతనాలు పెంచాలని సినిమా కార్మికుల ఫెడరేషన్ సమ్మె చేస్తే రెండున్నర వారాలు మొత్తం పరిశ్రమ నిలిచిపోయింది. ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. అడిగితే తల దించుకోకుండా తేదీతో సహా చెప్పండి. లాక్‌డౌన్‌లో క్యాబ్ నడిపిన సంగతి రెజ్యూమెలోంచి తీసేశానని రాశారు, నాకైతే అది చాలా బాధగా అనిపించింది. తిరిగి పెట్టండి. ఇంట్లో పొయ్యి వెలగాలని స్టీరింగ్ పట్టుకున్న మనిషిని తక్కువగా చూసే ఆఫీసు ఉంటే ఉండనీయండి. పైగా ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌లో పనికి, డ్రైవర్ వైపు నుంచి రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో తెలిసినవాడి కంటే ఎవరు కావాలి?

ఇప్పుడు ఆ 70 వేల సంగతి. మీ స్నేహితుడు అలాగే చేరాడు, ఏమీ కాలేదన్నారు. ఇప్పటిదాకా కాలేదు, అంతవరకే. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అంటే మీ పాత ఉద్యోగాల వివరాలు సరిచూడడం, చేరేముందు ఒక్కసారి జరిగి పోయేది కాదు, ఉద్యోగం మారినప్పుడు మళ్లీ జరుగుతుంది, కొన్నిచోట్ల క్లయింట్ ప్రాజెక్టులో పెట్టేముందు కూడా జరుగుతుంది. పీఎఫ్ కూడా పెట్టిస్తామంటున్నారంటే మీకు అదేదో భద్రతలా కనిపిస్తోంది, నిజానికి ప్రమాదమంతా అక్కడే ఉంది. ఆ డొల్ల కంపెనీ పేరు మీ యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో ఎక్కి కూర్చుంటుంది. అలాంటి కంపెనీ ఒకటి పట్టుబడితే దాని పేరుతో వచ్చిన ప్రతి రెజ్యూమెనీ పక్కన పెట్టేస్తారు. ఒకే సంవత్సరంలో ఒకపక్క 26ఏఎస్‌లో సినిమా నిర్మాణ సంస్థ, మరోపక్క పీఎఫ్‌లో ఎక్కడో ఐటీ కంపెనీ కనబడితే ఏం చెప్తారు? చట్టం మాటకొస్తే, మోసం చేయడానికి దొంగ పత్రం తయారుచేస్తే భారతీయ న్యాయ సంహితలో ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, అది దొంగదని తెలిసీ వాడినవాళ్లకూ అదే శిక్ష.

ఇంకొక సంగతి, ఆ కన్సల్టెన్సీవాళ్లు మీకు చెప్పి ఉండరు. కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన అని ఒకటి పెట్టింది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 లోపు మొదటిసారి ఈపీఎఫ్‌లో చేరే ఉద్యోగికి, జీతం నెలకు లక్ష లోపైతే, ఒక నెల పీఎఫ్ వేతనం మేరకు, గరిష్ఠంగా 15 వేలు, రెండు విడతల్లో ఇస్తారు. ఆరు నెలలు పనిచేశాక ఒకటి, ఏడాది పూర్తయ్యాక ఇంకొకటి. అదనంగా మనుషుల్ని తీసుకున్న యజమానికి కూడా, షరతులు సరిపోతే, ఒక్కొక్కరికి నెలకు 3 వేల దాకా రెండేళ్లు ఇస్తారు. ఇన్నాళ్లూ యూఏఎన్ లేదని సిగ్గుపడ్డారే, అది లేకపోవడమే ఇప్పుడు మీకు పనికొస్తుంది. 70 వేలు పోసి దొంగ పీఎఫ్ ఎక్కించుకుంటే మీరిక మొదటిసారి చేరేవాళ్లు కారు. నిర్ణయం మీదే గానీ, నా మనసులో మాట అడిగితే ఆ గడప తొక్కొద్దు. ఆ డబ్బు పాప ఫీజుకి ఉంచండి.

21 వేల ఉద్యోగం గురించి మీరు రాసిన తీరులో అవమానం కనిపించింది. 45 వేలు సంపాదించినవాణ్ని, 21 వేలకి వెళ్లాలా అని. మీ లెక్కలే తీసుకుందాం. ఏడాదికి ఏడు నెలలు, నెలకు 45 వేలు అంటే 3 లక్షల 15 వేలు. రెండేళ్లలో లక్షా 80 వేలు బాకీ, అంటే ఏడాదికి 90 వేలు చేతికి రాలేదు. మిగిలింది 2 లక్షల 25 వేలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 18,750. ఈ లెక్క మీరు ఎప్పుడూ వేసుకోలేదని నా అనుమానం. ఇటు 21 వేలు గ్రాస్ (కోతలకు ముందు జీతం) అయితే, పీఎఫ్ 15 వేల మీద 1,800, ఈఎస్ఐ 158, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోగా చేతికి 18,800 పైచిలుకు వస్తుంది. దాదాపు అంతే, కానీ ప్రతి నెలా వస్తుంది, పీఎఫ్‌లో మీ 1,800కి తోడు కంపెనీ వాటా పడుతుంది, 21 వేలు దాటనంతవరకు ఈఎస్ఐ ఉంటుంది కాబట్టి భార్యకీ పాపకీ ఏదైనా వస్తే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఏడాది తిరిగేసరికి మీ దగ్గర పేస్లిప్పులు, యూఏఎన్, పిలిస్తే పలికే హెచ్‌ఆర్ ఉంటాయి. ఇప్పుడు మిమ్మల్ని ఆపుతున్న తలుపు అప్పుడు ఆపదు.

నష్టం లేదా అంటే ఉంది, దాచను. నైట్ షిఫ్టు. పాప స్కూలుకెళ్లే టైమ్‌కి మీరు ఇంటికొచ్చి పడుకుంటారు, ఆమె వచ్చేసరికి మీరు లేచి తయారవుతుంటారు. షూటింగుల్లో రాత్రిళ్లు మీకు అలవాటే గానీ అవి షెడ్యూలుతో అయిపోయేవి, ఇవి అవవు. ఇంకోటి, అలాంటి డెస్క్‌లో రెండు మూడేళ్లు దాటి ఉండిపోతే మీ మీద ఆ ముద్రే పడుతుంది, 21 వేలు 24 అవుతాయి తప్ప 40 కావు. వెళితే ఏడాది, మహా అయితే ఏడాదిన్నర అని ముందే అనుకుని వెళ్లండి. వెళ్లాక అక్కడి అడ్మిన్, వెండార్ బిల్లుల పనిలో చేయి పెట్టండి. మీది బీకాం, వౌచర్లు రాసిన చేయి. వీలు దొరికినప్పుడల్లా ఎక్సెల్, టాలీ గట్టిగా నేర్చుకుంటే చాలు. ఈ వయసులో లక్షలు పోసి దూరవిద్య ఎంబీయే చేయమని ఎవరైనా చెబితే వినొద్దు, మీకు కావలసింది ఇంకో డిగ్రీ కాదు.

మీరు అస్సలు ప్రస్తావించని దారి ఒకటుంది. సినిమా పనికి పక్కింటి పనులు. ఈవెంట్ కంపెనీలు, పెద్ద పెళ్లిళ్లు చేయించేవాళ్లు, మాదాపూర్ వైపు కన్వెన్షన్ సెంటర్లు, యాడ్ ఫిల్మ్ యూనిట్లు, టీవీ ఛానళ్ల ప్రొడక్షన్ విభాగాలు. అక్కడ మీ పని గురించి ఎవరికీ వివరించక్కర్లేదు, ప్రొడక్షన్ మేనేజర్ అంటే ఏమిటో వాళ్లకి తెలుసు. జీతం కూడా మొదట్లోనే 30 వేల పైన అడగొచ్చు. కానీ పేరోల్ మీద తీసుకునేవాళ్లు తక్కువ, ఈవెంటుకింత అని ఇచ్చేవాళ్లు ఎక్కువ, పెళ్లిళ్లయితే ఆషాఢంలో, మూఢంలో చేతులు ముడుచుకుని కూర్చోవాలి. మీరు పారిపోదామనుకుంటున్న అనిశ్చితే మళ్లీ ఇంకో రూపంలో వస్తుంది. భార్య జీతం మీద అన్నాళ్లు ఇల్లు నడుస్తుందో లేదో మీ ఇద్దరికే తెలుసు. ఈ దారి పట్టేటట్టయితే నౌకరీ వెబ్‌సైట్‌లో అప్లికేషన్లు పెట్టి కూర్చోకండి. మీకు క్యాటరింగ్ చేసినవాళ్లు, జనరేటర్లు, టెంట్లు పంపినవాళ్లు ఉన్నారు కదా, వాళ్లే ఈ ఈవెంట్లకీ పంపేది. మీరు చెప్పిన టైమ్‌కి డబ్బు ఇచ్చారా లేదా అన్నది వాళ్లకి గుర్తుంటుంది. ఆ గుర్తు ఎంత విలువైనదో మీకు తెలియట్లేదు, మొదటి ఫోన్లు వాళ్లకే చేయండి.

మళ్లీ కృష్ణానగర్ వెళ్లడం కూడా తప్పేమీ కాదు. ఆ పని మీకు ఇష్టం అని మీ ఉత్తరం ప్రతి పేజీలో తెలుస్తోంది. కానీ వెళితే మునుపటిలా నోటిమాట మీద వెళ్లకండి. ఎంత, ఎప్పుడు, ఏ షెడ్యూలు తర్వాత ఎంత చేతికి రావాలి అన్నది కనీసం వాట్సాప్‌లోనైనా రాయించుకోండి, డబ్బు బ్యాంకులోనే తీసుకోండి. ఏ దారి పట్టినా ఆ లక్షా 80 వేల బాకీ మీద యూనియన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మళ్లీ పని ఇవ్వరేమోనని ఆగారన్నారు. బాకీ ఎగ్గొట్టినవాళ్లు పిలిచే పని మీకెందుకు?

“వెళ్లిపోతారు” అన్న మాటకి మీ దగ్గర జవాబు లేక మౌనంగా ఉన్నానన్నారు. ఆ భయం వాళ్లది, అన్యాయమైనదీ కాదు, ఇద్దరు ముగ్గురు అలా వెళ్లిపోయి ఉంటారు. కోపం తెచ్చుకోకుండా “పాప స్కూల్లో చేరుతోంది సార్, నాకు నెలనెలా జీతం కావాలి, అందుకే మారుతున్నాను. పదమూడేళ్లలో ఒప్పుకున్న ఏ సినిమానీ మధ్యలో వదల్లేదు, కావాలంటే ఈ నంబరుకి చేసి అడగండి” అనండి. ఇది నిజం కూడా, మీరే రాశారు.

బావమరిది మీద అలిగినట్టున్నారు. అతను వెక్కిరించలేదు, నిజంగానే ఏం రాయాలో తెలియక అడిగాడు. మీరే రాసివ్వండి. సినిమాల పేర్లు కిందకి తోసి పైన ఇలా ఉండాలి: రోజుకు 110 మందికి భోజనం, బస, రవాణా ఏర్పాట్లు, డజను వాహనాల పర్యవేక్షణ, రోజుకు రెండు మూడు లక్షల ఖర్చు వౌచర్లతో సహా లెక్క అప్పగింత, పోలీసు, లొకేషన్ అనుమతులు, కింద ఇద్దరి ఫోన్ నంబర్లు. దాన్ని “ఆపరేషన్స్, అడ్మిన్, ట్రాన్స్‌పోర్ట్ ఏది ఖాళీ ఉన్నా పంపు బావా” అని అతనికి వాట్సాప్ చేయండి. ఖాళీలు అందరికంటే ముందు లోపలున్నవాళ్లకే తెలుస్తాయి.

సోమవారం ఫోన్ చేసేముందు ఆదివారం మీ ఆవిడతో కూర్చుని ఈ లెక్కలన్నీ కాగితం మీద పెట్టండి, ఆమె ఏమీ అనట్లేదన్నారు గానీ అడగనిదే ఎలా చెబుతుంది. తర్వాత ఆ కంపెనీవాళ్లని కొన్ని స్పష్టంగా అడగండి. 21 వేలు గ్రాసా, సీటీసీయా (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చా)? సీటీసీ అయితే కంపెనీ పీఎఫ్ వాటా అందులోంచే పోతుంది, చేతికి 17 వేల దగ్గర ఆగుతుంది, అప్పుడు పై లెక్క మారిపోతుంది. కంపెనీదా కాంట్రాక్టరుదా, ఎవరి పేరోల్, మొదటి నెల నుంచే పీఎఫ్ కడతారా? వారంలో సెలవు ఎన్ని రోజులు, ఆరు నెలల తర్వాత పగలు షిఫ్టుకి మారే వీలుందా? ఇన్నాళ్లు వదిలి వెళ్లనని రాసిచ్చే బాండ్ ఏమైనా ఉందా? చివరిది, డిగ్రీ ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం ఒప్పుకోకండి, చూపించి జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ వెంట తెచ్చేసుకోండి.